టాప్ సర్జరీ: డబుల్ ఇన్‌సిషన్ వద్దు, కీహోల్ కావాలని అడగొచ్చా?

నీలిగాలి:
హాయ్ అందరికీ. నేను ట్రాన్స్ మ్యాన్‌ని, చాలా ఏళ్ళుగా ఛాతీని అదిమి ఉంచే బైండర్ వేస్తున్నా. ఇప్పుడు టాప్ సర్జరీ (రొమ్ము కణజాలం తీసి ఛాతీని ఫ్లాట్‌గా చేసే ఆపరేషన్) కోసం సర్జన్‌ని కలిస్తే చూడగానే డబుల్ ఇన్‌సిషన్ అన్నారు. ఛాతీ మీద అడ్డంగా రెండు పెద్ద మచ్చలంటే నాకు ఇష్టం లేదు, కీహోల్ అయితే మచ్చ దాదాపు కనపడదంట కదా, అదే చెయ్యమని పట్టుబట్టొచ్చా? సైజు మీడియం, చర్మం కాస్త జారింది. నిపుల్ స్పర్శ పోతుందేమోనని ఇంకో భయం. చేయించుకున్నవాళ్ళు ఉన్నదున్నట్టు చెప్పండి ప్లీజ్.

మొండిఘటం:
పట్టుబట్టకు బ్రో. కీహోల్‌లో ఏరియోలా (నిపుల్ చుట్టూ ఉండే ముదురు రంగు చర్మం) అంచున చిన్న కోత పెట్టి లోపలి కణజాలం మాత్రమే తీస్తారు, చర్మం తియ్యరు. అంటే మిగిలిన చర్మం దానంతట అదే బిగుసుకోవాలి, సైజు బాగా చిన్నగా ఉండి చర్మం సాగి వెనక్కి పోయేలా ఉంటేనే అది అవుతుంది, నువ్వు జారింది అంటున్నావు కాబట్టి ముడతలు పడి నిపుల్ కిందకే ఉండిపోయే ఛాన్స్ ఎక్కువ. పెరిఏరియోలార్ అని మధ్యస్థంగా ఇంకోటి ఉంది, ఏరియోలా చుట్టూ గుండ్రంగా కొంచెం చర్మం తీస్తారు, కానీ దాంట్లో రెండోసారి సరిచేయించుకోవాల్సి రావడం డబుల్ ఇన్‌సిషన్ కంటే ఎక్కువ. చిన్న మచ్చ కోసం వెళ్ళి మళ్ళీ థియేటర్ ఎక్కడం ఎందుకు? నాది డబుల్ ఇన్‌సిషనే. గీత ఛాతీ కండరం కింది అంచు వెంట వచ్చేలా పెట్టారు, మొదట్లో ఎర్రగా గట్టిగా ఉండి భయపెట్టింది, ఏడాది దాటాక మెత్తబడి రంగు తగ్గింది. చంక వైపు చివర చర్మం కాస్త ముడుచుకుని పొడుచుకొస్తే దాన్ని డాగ్ ఇయర్ అంటారు, కొందరికి దానంతట అదే అణిగిపోతుంది, లేకపోతే తర్వాత చిన్న ప్రొసీజర్‌తో తీసేస్తారు.

వెన్నెల_కె:
స్పర్శ సంగతి. డబుల్ ఇన్‌సిషన్‌లో మామూలుగా నిపుల్‌ని పూర్తిగా వేరు చేసి, చిన్నది చేసి, కొత్త చోట గ్రాఫ్ట్‌గా అతికిస్తారు, నరం తెగిపోతుంది. తాకినట్టు, నొక్కినట్టు కొంత తెలియడం నెమ్మదిగా రావచ్చు, కానీ ఇదివరకటి స్పర్శ వస్తుందని ఆశ పెట్టుకోకండి. అది మీకు అంత ముఖ్యమైతే బటన్‌హోల్, ఇన్వర్టెడ్ టీ అనే పద్ధతుల గురించి అడగండి, వాటిలో నిపుల్‌ని కింది కణజాలంతో కలిపే ఉంచుతారు. కాకపోతే ఛాతీ పూర్తి ఫ్లాట్‌గా రాకపోవచ్చు. ఇంకో మాట, కట్టు విప్పినప్పుడు గ్రాఫ్ట్ నల్లగా పెచ్చు కట్టి ఉంటే గుండె ఆగినంత పని అవుతుంది, చాలాసార్లు పైపొర ఊడి కింద గులాబీ రంగు వస్తుంది. మన చర్మానికి అక్కడక్కడ రంగు పోయి తెల్లమచ్చలు పడొచ్చు. కెలాయిడ్ (మచ్చ ఉబ్బి గట్టిగా పెరిగిపోవడం) వచ్చే ఒళ్ళయితే ముందే చెప్పండి.

డ్యూటీ_నర్సు:
సిగరెట్, వేప్, నికోటిన్ గమ్ ఏదున్నా సర్జరీకి కనీసం నాలుగు వారాల ముందు మానెయ్యాలి, తర్వాత కూడా అంతే. రక్తనాళాలు ముడుచుకుంటే గ్రాఫ్ట్ చచ్చిపోవచ్చు. మొదటి ఒకట్రెండు రోజుల్లో ఒక పక్క ఉన్నట్టుండి ఉబ్బి, బిగుసుకుని నొప్పి పెరుగుతుంటే అది హెమటోమా (లోపల రక్తం పేరుకోవడం) కావచ్చు, పొద్దున చూద్దాంలే అనుకోవద్దు, వెంటనే ఫోన్ చెయ్యాలి.

నీలిగాలి:
థాంక్స్, చాలావరకు క్లియర్ అయ్యింది, డబుల్ ఇన్‌సిషన్‌కే మొగ్గుతున్నా. టెస్టోస్టిరాన్ ఇంకా మొదలుపెట్టలేదు, అది తప్పనిసరా?

వెన్నెల_కె:
కాదండి. ట్రాన్స్ ఆరోగ్యంపై పనిచేసే అంతర్జాతీయ నిపుణుల సంస్థ డబ్ల్యూపాథ్ 2022లో ఇచ్చిన గైడ్‌లైన్స్ ఎనిమిదో వెర్షన్ ప్రకారం ఈ సర్జరీకి హార్మోన్లు తప్పనిసరి కాదు. అలాగే కణజాలం నూటికి నూరు శాతం తియ్యరు, ఇంట్లో ఎవరికైనా బ్రెస్ట్ క్యాన్సర్ ఉంటే సర్జన్‌కి ఇప్పుడే చెప్పండి, ఎంత తియ్యాలి, తర్వాత ఏం చెకప్‌లు అనేది దాన్ని బట్టి మారుతుంది.

మొండిఘటం:
ఆ సర్జన్ చేసినవాళ్ళ ఫొటోలు అడుగు, నీలాంటి బాడీ, నీలాంటి చర్మం ఉన్నవాళ్ళవి, ఏడాది తర్వాత తీసినవి. మూడు వారాల ఫొటో చూసి ఏం తెలీదు.