రెండేళ్లయింది, 7సి మౌత్‌పీస్ మార్చేయాలా?

రాత్రిసాధన:
ట్రంపెట్ మొదలుపెట్టి రెండేళ్లు. బీ ఫ్లాట్ స్టూడెంట్ మోడల్, దాంతోపాటు వచ్చిన 7సి (అది సైజు పేరు) మౌత్‌పీసే ఇప్పటికీ వాడుతున్నాను. స్టాఫ్ (స్వరాలు రాసే ఐదు గీతలు) పైన జి స్వరం దాకా ఫర్వాలేదు. ఆ పైన ఎ పట్టేసరికి ఎవరో గొంతు నొక్కినట్టు అయిపోతుంది శబ్దం. ఇరవై నిమిషాలకు పెదవి చేతులెత్తేస్తుంది (పెదవికి చేతులుండవని తెలుసు, నా బాధ అర్థం చేసుకోండి). మా గ్రూపులో ఒకాయన "7సి పిల్లలది, కాస్త పెద్దదైన 3సికి వెళ్లు" అంటాడు. ఇంకొకాయన పై స్వరాలకు లోతు తక్కువ కప్పు (మౌత్‌పీస్ లోపలి గిన్నె) కావాలంటాడు. మాస్టారేమో రెండూ వద్దు, లాంగ్ టోన్స్ (ఒకే స్వరాన్ని చాలాసేపు పట్టడం) వాయించమంటారు. ముగ్గురూ నాకంటే బాగా వాయించేవాళ్లే. ఎవరి మాట వినాలి?

కంచుగొంతు:
3సి. ఆలోచించక్కర్లేదు. నేను మార్చిన రోజే తేడా తెలిసింది, శబ్దం నిండుగా వచ్చింది. ఎక్కువ పెదవి కదిలితే ఎక్కువ శబ్దం, అంతే. అడాల్ఫ్ హెర్సెత్ షికాగో సింఫనీలో 1948 నుంచి 2001 దాకా ప్రిన్సిపల్ ట్రంపెట్. ఆయన వాడింది బాక్ కంపెనీ నంబర్ 1, ఆ వరుసలో దాదాపు అన్నిటికంటే పెద్దది. చిన్న మౌత్‌పీస్‌తో ఆ శబ్దం వస్తుందా?

మూడోవాల్వు:
హెర్సెత్ పేరు ఎత్తినవాళ్లు సగం కథే చెప్తారు. 1950ల మొదట్లో ఆయనకు కారు ప్రమాదమై పెదవికి కుట్లు పడ్డాయి. ఆ పెదవికి సుఖంగా ఉంటుందని పెద్ద రిమ్‌కి (పెదవికి ఆనే అంచు) వెళ్లారు. అది ఆయన గాయానికి దొరికిన పరిష్కారం, మనకు మందుచీటీ కాదు. పైగా రోజూ గంటల తరబడి వాయించే మనిషి. ఇరవై నిమిషాలకే అలిసిపోయే పెదవి మీద ఇంకా వెడల్పు పెడితే పది నిమిషాలకే అలిసిపోతుంది.

ఇంకోటి. బాక్ కేటలాగు తీసి చూడండి. 7సి కప్పు వ్యాసం 16.20 మి.మీ., 3సిది 16.30. తేడా 0.10 మి.మీ. దీనికోసమేనా ఈ గొడవంతా?

కంచుగొంతు:
0.10 అని తేలిగ్గా తీసేయకండి సార్. పెదవికి అది తెలుస్తుంది. వ్యాసం ఒక్కటే కాదు, రిమ్ ఆకారం కూడా వేరు. 7సి లోపలి అంచు కాస్త పదునుగా ఉంటుంది. కొందరికి అది కోసుకున్నట్టే ఉంటుంది.

మూడోవాల్వు:
రిమ్ సంగతి ఒప్పుకుంటాను. మరి "నిండుగా వచ్చింది" అన్నది వాయించిన చెవితో చెప్తున్నారా, ఎదురుగా కూర్చున్న చెవితోనా? కొత్తది పెట్టిన రోజున అందరికీ బాగానే ఉంటుంది. రెండు వారాలయ్యాక మళ్లీ అదే మనిషి, అదే శబ్దం.

స్లయిడుగ్రీజు:
వాయిద్యాల రిపేరు నా పని. మీ వాదన ఆపమనను, చదవడానికి బాగుంది. కానీ అసలు ప్రశ్న ఎవరూ అడగలేదు. తమ్ముడూ, ఆ మౌత్‌పీస్ లోపల, ట్రంపెట్ లోపల ఆఖరుసారి ఎప్పుడు కడిగావు?

రాత్రిసాధన:
పైన గుడ్డతో రోజూ తుడుస్తానండీ. లోపల అంటే... కొన్నప్పటి నుంచి లేదు. వాల్వులకు ఆయిల్ మాత్రం క్రమం తప్పకుండా వేస్తాను. ఈ మధ్య బ్రాండ్ మార్చాను కూడా, పాతది అయిపోయింది.

స్లయిడుగ్రీజు:
అనుకున్నాను.

ఒక లెక్క చెప్తాను. మౌత్‌పీస్‌లో అతి సన్నని చోటు త్రోట్. బాక్‌లో మామూలుగా అది 3.66 మి.మీ. గోడ చుట్టూ 0.2 మి.మీ. మందాన జిడ్డు పట్టిందనుకో, మిగిలే వ్యాసం 3.26. గాలి వెళ్లే దారి వైశాల్యంలో ఐదో వంతు పోయింది. ఇక్కడ కప్పు దగ్గర 0.10 కోసం కొట్టుకుంటున్నారు, అక్కడ త్రోట్‌లో 0.40 పోయినా ఎవరికీ పట్టదు. వెలుతురుకి ఎదురుగా పట్టి వెనక నుంచి చూడు, బ్యాక్‌బోర్‌లో (త్రోట్ వెనక గొట్టంలో) ఏముందో కనిపిస్తుంది. భోజనం చేసి, నోరు పుక్కిలించకుండా వాయించే అలవాటుంటే మరీ చూడు.

లీడ్‌పైపూ (మౌత్‌పీస్ దూర్చే మొదటి పైపు) అంతే. ఊపిరిలోని తేమ మొదట చల్లబడేది అక్కడే, మురికి పేరుకునేదీ అక్కడే. మెయిన్ ట్యూనింగ్ స్లయిడ్ (శ్రుతి కోసం జరిపే వంపు భాగం) తీసేసి, ఆ పైపులోంచి వెలుతురు వైపు చూడు. నున్నగా మెరవాలి.

ఆయిల్ సంగతి. పాతది పెట్రోలియం రకం, కొత్తది సింథటిక్ అయితే రెండూ కలిసి కొన్నిసార్లు జిగటగా తయారవుతాయి. మారేటప్పుడు వాల్వులు, కేసింగులు (అవి కూర్చునే గొట్టాలు) పూర్తిగా తుడిచి అప్పుడు కొత్తది వేయాలి. వాల్వులో కదిలే పిస్టన్‌కీ కేసింగ్‌కీ మధ్య ఉండేది వెంట్రుక మందం కన్నా తక్కువ సందు. ఆ సందులో జిగట పడితే వేలు ఎంత చురుకైనా వాల్వు లేవదు.

మూడోవాల్వు:
అన్నా, ఒక్క మాట. శుభ్రం చేస్తే శబ్దం బాగుపడుతుంది, సరే. ఇరవై నిమిషాలకు అలిసిపోవడం మురికి వల్ల అంటే నమ్మను. అది మౌత్‌పీస్‌ని మూతికేసి అదమడం. వాయించాక పెదవి మీద ఎర్రటి ఉంగరం గుర్తు ఎంతసేపు ఉంటుందో చూసుకోమనండి.

స్లయిడుగ్రీజు:
మొత్తం మురికి వల్లే అని నేనూ అనలేదు. దారి ఇరుకైతే మనిషి తెలియకుండానే ఎక్కువ నొక్కుతాడు. ముందు ఇది తీసేస్తే మిగిలింది ఎవరి తప్పో తేలుతుంది.

కంచుగొంతు:
అతిగా కడగడం కూడా మంచిది కాదండోయ్. నెలనెలా విప్పేవాళ్ల స్లయిడ్లు వదులైపోవడం నేను చూశాను. స్నేక్ బ్రష్ (పైపులో దూర్చే పొడవాటి వంగే బ్రష్) కొసన ఉన్న తీగ పైపు లోపల గీస్తుంది. నాది ఆర్నెల్లకోసారి, ఏ ఇబ్బందీ లేదు.

స్లయిడుగ్రీజు:
కొస తీగ మీద ప్లాస్టిక్ పూత ఉన్న బ్రష్ కొనండి, గీయదు. స్లయిడ్ వదులయ్యేది కడగడం వల్ల కాదు, గ్రీజు లేకుండా వంకరగా లాగడం వల్ల. ఆర్నెల్లు మీకు సరిపోతుండొచ్చు, అందరి నోరూ ఒకటి కాదు. నేనైతే మౌత్‌పీస్ వారానికోసారి, మొత్తం ట్రంపెట్ నెలా రెండు నెలలకోసారి అంటాను. ఎక్కువ తక్కువలు మీ ఇష్టం.

తమ్ముడూ, ఎలా కడగాలంటే: నీళ్లు గోరువెచ్చగా ఉండాలి. వేడి నీళ్లు పోస్తే పైన లాకర్ పూత లేచిపోతుంది. గిన్నెలు తోమే సబ్బు రెండు చుక్కలు చాలు, గరుకు పొడులు వద్దు. వాల్వుల మీద ఫెల్టు బిళ్లలు తడవనీయకు. పిస్టన్‌ల మీద 1, 2, 3 అని చెక్కి ఉంటుంది, ఏది ఏ కేసింగ్‌లోదో అందులోకే వెళ్లాలి. తారుమారైతే గాలి ఆగిపోతుంది, ట్రంపెట్ పాడైందని నాకు ఫోన్ వస్తుంది. వారానికి ఒకటైనా వస్తుంది. మౌత్‌పీస్ ఇరుక్కుంటే పట్టకారు పెట్టి తిప్పొద్దు, లీడ్‌పైప్ మెలితిరుగుతుంది. దానికి వేరే పుల్లర్ ఉంటుంది.

(మూడు రోజుల తర్వాత)

రాత్రిసాధన:
కడిగానండీ. లీడ్‌పైప్‌లోంచి వచ్చినదాన్ని వర్ణించను, ఎవరైనా తింటూ చదువుతుంటారు. మౌత్‌పీస్ త్రోట్ సగం గుండ్రంగా, సగం ఇంకేదో ఆకారంలో ఉండింది. ఇప్పుడు కింది స్వరాలు అడగ్గానే పలుకుతున్నాయి. రెండో వాల్వు నెమ్మది పోయింది.

ఎ మాత్రం కొంచెమే మెరుగు. ఇరవై నిమిషాలు కాస్తా పాతిక అయింది. ఉంగరం గుర్తు అరగంట ఉంది, మూడోవాల్వు గారు చెప్పింది నిజమే అనుకుంటా.

కంచుగొంతు:
పాతిక చాలా? ఎవరి దగ్గరైనా 3సి అడిగి ఒక వారం వాయించి చూడండి. కొనమనట్లేదు. యమహావి చూస్తే మాత్రం జాగ్రత్త, బాక్‌లో అంకె తగ్గితే కప్పు పెద్దది, వాళ్లలో అంకె పెరిగితే పెద్దది.

మూడోవాల్వు:
వారం చాలదు, మొదటి వారమంతా కొత్త మోజే. వాయించినంతసేపు విశ్రాంతి ఇస్తూ, నెమ్మదిగా లాంగ్ టోన్స్ మూడు నెలలు చేయండి. అప్పటికీ రిమ్ కోస్తే నేనే 3సి అంటాను. మీ మాస్టారు చెప్పింది ఇదేగా?

రాత్రిసాధన:
మూడు నెలలు 7సితోనే ఉంటాను. కంచుగొంతు గారూ, కోపం తెచ్చుకోకండి, మధ్యలో ఒకసారి 3సి అరువు తీసుకుని చూస్తాను.

స్లయిడుగ్రీజు గారూ, తుడుస్తుంటే లీడ్‌పైప్ బయట చిన్న గులాబీ రంగు మచ్చ కనబడింది. అది కూడా మురికేనా?

స్లయిడుగ్రీజు:
రుద్దితే పోతే మురికి. పోకపోతే, మచ్చ మధ్యలో ముదురు చుక్క కూడా ఉంటే రెడ్ రాట్. ఇత్తడిలోంచి జింక్ వెళ్లిపోయి రాగి మిగులుతుంది, లోపల మొదలై బయటికి వస్తుంది. ఒకసారి పట్టాక కడిగితే పోదు, చివరికి పైపు మార్చాల్సిందే. చుక్క ఉందా?

రాత్రిసాధన:
ఈ లైటు కింద తెలియట్లేదు. పొద్దున ఎండలో చూసి చెప్తాను.