ఉలిపికట్టా, ఉలిపిరికట్టా?

బ్రాడీపేట నుంచి ఒకరు: ఒక మ్యూచువల్ ఫండ్ కరపత్రం తెలుగు చేస్తున్నాను. షేర్ మార్కెట్లని అదుపు చేసే సెబీ 2017లో ఫండ్లను రకాలుగా విడదీసినప్పుడు ‘కాంట్రా’ అని ఒకటి పెట్టింది. జనం వద్దనుకునే షేర్లు కొనే రకం. ‘విరుద్ధ నిధి’ అని రాస్తే నాకే నవ్వొచ్చింది. అప్పుడు మా నాయనమ్మ సామెత గుర్తొచ్చింది: ఊరందరిదీ ఒక దారి, ఉలిపి(రి?)కట్టెదొక దారి. మధ్యలో ఆ ‘రి’ ఉందా? పైగా అది తిట్టా, మెప్పా? 2024లో మిర్చి క్వింటా 20 వేలకి అటూ ఇటూగా ఉంటే, ఇంకా పెరుగుతుందని మా ఊరంతా కోల్డ్ స్టోరేజీలో పెట్టింది. నాన్న మాత్రం 60 టిక్కీలూ (మిర్చి బస్తాలు) యార్డులో అమ్మేశాడు. ఆ రోజు నాయనమ్మ ఇదే మాటతో తిట్టింది. 2025 ఫిబ్రవరిలో కేంద్రం క్వింటాకి 11,781 రూపాయలు లెక్కగట్టిందని టీవీలో చెబుతుంటే మళ్లీ అదే మాట అంది, ఈసారి నవ్వుతూ.

తెనాలి తెలుగు మేడం: ‘రి’ ఉండాలి. ఉలిపిరి కాగితం అనమూ? ఉలిపిరి అంటే పల్చన. మోపులో ఇమడకుండా జారిపోయే సన్నపుల్ల అన్నమాట.

విజయవాడ మాస్టారు: మేడం గారూ, సన్నపుల్ల జారుతుందే గానీ ఎదురు తిరగదు. రోజూ బందరు కాలువ గట్టున నడుస్తాను, నీటికి ఎదురు పోయిన కట్టెను ఇంతవరకు చూడలేదు. అసలు అది కట్టె కాదు, ‘కత్తె’. చెలికత్తె, పనికత్తె లాగా ఉలిపికత్తె. పెంకి ఆడమనిషి.

తెనాలి తెలుగు మేడం: చెలికత్తె ‘చెలికట్టె’ కాలేదేం మాస్టారూ? పెంకితనం అనగానే ఆడమనిషే గుర్తొస్తుందా! మరి వాళ్ల నాన్నగారిని ఏమనాలి, ఉలిపికాడా?

నరసరావుపేట: ‘రి’ సంగతి నాకు తెలీదు గానీ ఉలిపికట్టె అంటే నాకు జాషువానే. అందరూ మేఘాన్నో హంసనో పంపితే ఆయన 1941లో ‘గబ్బిలం’ కావ్యంలో గబ్బిలాన్ని పంపాడు, అదీ శివుడి దగ్గరికి. గుళ్లోకి రానివ్వని మనిషి, గుళ్లోనే తలకిందులుగా వేలాడే దాంతో కబురు పెట్టడం! అపశకునం అని ఊరంతా తరిమే పిట్టని...

విజయవాడ మాస్టారు: పిట్ట కాదండీ, గబ్బిలం పాలిచ్చే జంతువు.

నరసరావుపేట: జాషువా పుట్టిన వినుకొండ వాళ్లకి మీరు గబ్బిలం గురించి చెప్తారా? మాది పక్క తాలూకా.

పట్నంబజారు కమీషన్ వ్యాపారి: మీ నాన్నగారిది తెలివే గానీ, ఒక్క సీజన్ చూసి మురిసిపోకండి. అందరూ అమ్ముతున్నారని దాచి మునిగినవాళ్లు కూడా మా కొట్టుకొచ్చారు. వాళ్లకీ ఇదే సామెత చెప్పాం, నవ్వకుండా. ‘రి’ లేకుండానే.

తెనాలి తెలుగు మేడం: బజార్లో నాలుక తొందరకి ‘రి’ మింగేసి ఉంటారు.

బ్రాడీపేట నుంచి ఒకరు: కరపత్రం ‘కాంట్రా ఫండ్’ అనే వెళ్లిపోయింది. ‘ఉలిపికట్టె ఫండ్’ అంటే మా మేనేజర్ రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. నిన్న నాయనమ్మ చేత మూడుసార్లు చెప్పించాను. పళ్లసెట్టు తీసేసి ఉంది. ఒకసారి ‘పి’ వినపడింది, ఒకసారి ‘పిరి’, మూడోసారి గాలి.

విజయవాడ మాస్టారు: పళ్లసెట్టు పెట్టించి మళ్లీ అడగండి. ‘ట్ట’ దగ్గర జాగ్రత్తగా వినండి.