షేల్ ఆయిల్ డీజిల్ మూడు రోజుల్లోనే నల్లబడుతోంది

అమెరికాలోని యూటాలో దొరికే గ్రీన్ రివర్ షేల్‌ను (నూనెనిచ్చే రాయి) రిటార్ట్‌లో (గాలి తగలకుండా కాల్చే పాత్ర) వేడిచేసి తీసిన నూనెతో ల్యాబ్‌లో డీజిల్ చేస్తున్నాను. అందులో 180–350 డిగ్రీల మధ్య మరిగే భాగాన్ని (కట్) నికెల్-మాలిబ్డినం క్యాటలిస్ట్ మీద 370 డిగ్రీలు, 70 బార్, ఎల్‌హెచ్‌ఎస్‌వీ 1 (గంటకు క్యాటలిస్ట్ ఘనపరిమాణమంత ఫీడ్) దగ్గర హైడ్రోట్రీట్ చేశాను, అంటే హైడ్రోజన్‌తో శుద్ధి చేశాను. సల్ఫర్ బాగానే దిగింది. చిక్కంతా నైట్రోజన్‌తోనే: 1.8 శాతం నుంచి 900 పీపీఎంకి వచ్చి ఆగిపోయింది.

రియాక్టర్ నుంచి వచ్చినప్పుడు లేత పసుపు. సీసాలో మూడో రోజుకి టీ డికాక్షన్ రంగు, అడుగున జిగురు. 390 డిగ్రీలకు పెంచితే నైట్రోజన్ కొంచెమే తగ్గింది, క్యాటలిస్ట్ మీద కోక్ (కార్బన్ పొర) మాత్రం పేరుకుంది. కొత్త క్యాటలిస్ట్ వేసి మళ్లీ సల్ఫైడ్ చేసినా (సల్ఫర్‌తో దాన్ని చురుకు చేసినా) అదే కథ. క్యాటలిస్ట్‌ను పాడుచేసే ఆర్సెనిక్‌ని ముందే పట్టేసే గార్డ్ బెడ్ కూడా ఉంది. సీసాను చీకట్లో, నైట్రోజన్ వాయువు కింద (నైట్రోజన్‌కి నైట్రోజన్‌నే కాపలా పెట్టినట్టుంది) ఉంచితే ఇంకో రెండు రోజులు ఆగింది, అంతే.

రిగ్ 120 బార్ దాకా తట్టుకుంటుంది. ముందు పీడనం పెంచాలా, ఫీడ్ వేగం సగానికి తగ్గించాలా?