సమస్యాపూరణం: “చింత లేని యింట సిరులు లేవు”

నిర్వాహకుడు (అనంతపురం): ఈ వారం ఆటవెలది. కటారుపల్లిలో సమాధి ఉన్న మన వేమన్నకు బాగా అచ్చొచ్చిన ఛందం కాబట్టి భయపడకండి. పైన ఇచ్చినది నాలుగో పాదం, అయిదూ సూర్యగణాలే; ముందు మూడు పాదాలు మీరు పూరించాలి. చిం–సి యతి (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో పొత్తు) సరిపోయింది, చకార సకారాలకు చెల్లుతుంది. ఒక షరతు: ఈ రోజు మీకు దొరికిన చిన్న సంతోషం ఒక్కటైనా పద్యంలో ఉండాలి. దిగులు లేని ఇంట్లో సిరి ఉండదా అని ఎదురు తిరగకండి, దారి వెతకండి.

హిందూపురం కోడలు:
చిగురు పప్పులోకి, చెట్టు నీడకు మాకు,
పులుసు సంగటికినిఁ, బూట గడచె;
వాన లేని సీమ వాకిటి భాగ్యమ్ము
చింత లేని యింట సిరులు లేవు

నిర్వాహకుడు: చింతను చెట్టు చేసి దిగులు వదిలించారు! గణాలూ యతులూ చక్కగా ఉన్నాయి. ఒక్క మాట. మన ఉమ్మడి జిల్లాలో ఏటా సుమారు 550 మిల్లీమీటర్ల వానైనా పడుతుంది కదమ్మా, మరీ ‘లేని’ అంటే ఎట్లా? పైగా నాలుగో పాదంలో ‘లేని’ ఉండనే ఉంది. “వాన కరవు సీమ” అనండి.

హిందూపురం కోడలు: సవరించుకున్నాను, ధన్యవాదాలు.

కదిరి టీచరు: నేను చింతను ‘తలపు’ అనే అర్థంలో తీసుకున్నా.
నేఁటి చిన్న సుఖము నెమ్మది నెమరేసి
రాత్రి నిదుర ముందు వ్రాయవలయు
తలఁపె చింత యనుచుఁ దాతయ్య సెలవిచ్చె
చింత లేని యింట సిరులు లేవు
ఇది తాత మాటే కాదు. 2003లో ఎమ్మన్స్, మెకల్లో అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు ప్రచురించిన పరిశోధనలో విద్యార్థులు 10 వారాల పాటు, వారానికోసారి, కృతజ్ఞతతో తలచుకోదగ్గవి అయిదింటి వరకు రాసుకున్నారు. చికాకులు రాసుకున్నవాళ్ల కంటే వీళ్లకే తమ బతుకు మెరుగ్గా తోచిందట.

నిర్వాహకుడు: అర్థం కొత్తగా ఉంది. ‘వ్రా’లోని రేఫతో (ర–కారంతో) యతి కూడా సరే. కానీ రాసుకోమన్నారు, ఏం రాసుకున్నారో చెప్పలేదే! షరతు దాటేశారు. ‘నెమరేసి’ కూడా మాటల్లో బాగుంటుంది గానీ పద్యంలో నిలవదు.

కదిరి టీచరు: దొరికిపోయా. మొదటి పాదం ఇట్లా మారుస్తున్నా:
మల్లె పూచె ననియు, మబ్బు కమ్మె ననియు

నిర్వాహకుడు: ఆహా! మబ్బు పట్టడం కూడా సంతోషమని రాయాలంటే ఈ సీమలోనే పుట్టాల.

తాడిపత్రి కుర్రోడు: తొలి ప్రయత్నం అన్నా, తిట్టొద్దు.
బస్సు దిగిన పూట నుగ్గాని బజ్జీలు
వేడివేడి తినిన వేళ సుఖము
కారమద్దుకొనఁగఁ గన్నీరు నవ్వించు
చింత లేని యింట సిరులు లేవు

నిర్వాహకుడు: తిట్టేదేముంది, నోరూరుతోంది. మొదటి పాదంలో బ–ను యతి కుదరలేదు. “ఊరి బస్సు దిగఁగ నుగ్గాని బజ్జీలు” అంటే ఊ–ఉ కలుస్తాయి. మూడో పాదం నాకు అన్నిటికంటే నచ్చింది. అయితే ఈ పద్యంలో చింత ఎక్కడప్పా?

తాడిపత్రి కుర్రోడు: మా అమ్మ ఎర్రకారంలో చింతపండు వేసి నూరుతుందన్నా!

నిర్వాహకుడు: కారం తిన్నవాడికే తెలిసే అన్వయం. పద్యం చదివినవాడికీ తెలిసేట్టు ఇంకో మాట పెట్టి చూడు.

హిందూపురం కోడలు: టీచరుగారూ, మీ పద్యం ఫలించింది. ఇక్కడ మబ్బు కమ్మింది. మిద్దె మీద చింతపండు ఆరబోసి ఉన్నాం, ఎత్తి వస్తా.