మెలన్‌లో కనిపించని పాట ప్రపంచ చార్టులో పైన ఎలా ఉంటుంది? కే-పాప్ బయటి శ్రోతల గురించి మూడు సందేహాలు

వెన్నెలదారి

కే-పాప్‌ను కొరియా బయట వినేవాళ్లు ఎలా అర్థం చేసుకుంటున్నారు అనే విషయం మీద రాస్తున్నాను. మూడు చోట్ల ముడి పడింది. తెలిసినవాళ్లు విప్పితే మేలు.

ఒకటి. బిల్‌బోర్డ్ గ్లోబల్ 200లోనో స్పాటిఫై జాబితాలోనో పైన ఉన్న పాట కొరియా స్ట్రీమింగ్ సేవ మెలన్‌లో ఎక్కడో అడుగున ఉంటుంది. మెలన్‌లో నెలల తరబడి కదలకుండా కూర్చున్న గాయకుల పేర్లు బయటివాళ్లలో చాలామందికి తెలియవు. ఇంత తేడా ఎందుకు? వేరే దేశం నుంచి రాత్రంతా స్ట్రీమ్ చేసేవాళ్ల శ్రమ, వారవారం మార్కులు వేసి విజేతను తేల్చే కొరియా టీవీ మ్యూజిక్ షోల లెక్కలోకి అసలు చేరుతుందా?

రెండు. సబ్‌టైటిల్స్ చదువుకుంటూ వింటే పాటలో ఏం జారిపోతుంది? అర్థం తెలిస్తే చాలనే మాట ఎంతవరకు నిజం?

మూడు. ఒకే ఆల్బమ్ పది కాపీలు కొనేవాళ్లను చూసి బయటివాళ్లు పిచ్చి అంటారు. దాని వెనక ఏం నడుస్తోంది?

చార్టులలెక్క

మొదటి ప్రశ్నకు నేను రాస్తాను. అభిమానుల బలాన్ని కొలిచే చార్టు వేరు, మామూలు జనం ఏం వింటున్నారో చూపే చార్టు వేరు. బయటి శ్రోత ఎక్కువగా పొరబడేది ఇక్కడే.

మెలన్ కొరియా జనం వినే సేవ. ఖాతాకు కొరియా ఫోన్ నంబరుతో గుర్తింపు అడుగుతుంది కాబట్టి బయటివాళ్లు అందులో దాదాపు లేనట్టే. పైగా ఒక ఖాతా గంటలో ఒక పాటను ఎన్నిసార్లు మోగించినా చార్టుకు ఒక్కసారే లెక్క. అంటే పదివేల మంది వంద సార్లు విన్నదానికన్నా పది లక్షల మంది ఒక్కసారి విన్నది అక్కడ గెలుస్తుంది. అందుకే బల్లాడ్లు అనే నెమ్మది పాటలు, టీవీ డ్రామా పాటలు, ఐయూ లాంటి సోలో గాయకులు నిలబడతారు. 2020లో ట్రాట్ పోటీ గెలిచిన ఇమ్ యంగ్‌ఉంగ్‌ను చూడండి. ట్రాట్ అంటే కొరియా పాతకాలపు బాణీ. ఆయన అభిమానుల్లో నడివయసు దాటిన ఆడవాళ్లు ఎక్కువ. వాళ్లు ఫోన్‌లో స్ట్రీమింగ్ నేర్చుకుని, జాబితాలు కట్టి, వంతులు వేసుకుని వింటారు. కే-పాప్ అభిమానం అంటే పదహారేళ్ల పిల్లల గోల అనుకునే బయటి వ్యాసాల్లో ఈ మనుషులు ఎక్కడా కనిపించరు. మీరు రాసేదాంట్లో తప్పకుండా చేర్చండి.

మామూలు జనం తలుచుకుంటే ఏమవుతుందో చెప్పడానికి కొరియన్‌లో ఒక మాట ఉంది: యొక్‌చుహెంగ్. రోడ్డు మీద ఎదురుదారిలో బండి నడపడం అని అర్థం, చార్టులో జారిపోయిన పాట మళ్లీ పైకి రావడాన్ని అలా అంటారు. ఈఎక్స్ఐడీ అనే అమ్మాయిల బృందం పాట ‘అప్ అండ్ డౌన్’ 2014 ఆగస్టులో వచ్చి చార్టుల్లోంచి జారిపోయింది. అక్టోబరులో ఒక అభిమాని ఒక్క సభ్యురాలి మీదే కెమెరా పెట్టి తీసిన వీడియో చేతులు మారి, పాట మళ్లీ పైకి ఎక్కింది. బ్రేవ్ గర్ల్స్ అనే మరో బృందం 2017 పాట 2021లో మొదటి స్థానానికి చేరింది. అది సైనిక శిబిరాల్లో వాళ్ల ప్రదర్శనల క్లిప్పులు కూర్చిన వీడియో పుణ్యం. ఈ రెండు చోట్లా నడిపించింది కొరియా లోపలి జనం.

ఇక మీ స్ట్రీమ్ ఎక్కడికి చేరుతుంది?

మ్యూజిక్ షోల డిజిటల్ మార్కు ఎక్కువగా కొరియా సేవల నుంచే వస్తుంది. కాబట్టి స్పాటిఫైలో బయటినుంచి వింటే ఆ మార్కుకు పెద్దగా ఏమీ కలవదు. బయటివాళ్ల చేయి పడేది మూడు చోట్ల. మొదటిది ఆల్బమ్ అమ్మకాలు. రెండోది ఓటు: ఎమ్ కౌంట్‌డౌన్‌కు ఎమ్‌నెట్ ప్లస్, షో ఛాంపియన్‌కు ఐడల్ చాంప్ లాంటి యాప్‌లు. మూడోది అధికారిక మ్యూజిక్ వీడియో యూట్యూబ్ వీక్షణలు, ఇన్‌కిగాయో లాంటి షోలలో. ఏ షో దేనికి ఎంత బరువిస్తుందో మధ్యమధ్యలో మారుతుంటుంది. పాత పట్టికను పట్టుకుని వారమంతా కష్టపడితే శ్రమ వృథా. పాట వచ్చిన వారంలోనే ఆ షో నిబంధనలు మళ్లీ చూడాలి.

బిల్‌బోర్డ్ హాట్ 100 అమెరికా చార్టు. అమెరికాలో విన్నవి, కొన్నవి, అక్కడి రేడియోలో వచ్చినవే దానికి లెక్క. వేరే దేశపు స్ట్రీమ్ గ్లోబల్ 200కే పోతుంది, అది 2020 సెప్టెంబరులో మొదలైంది.

స్ట్రీమింగ్‌లో జరిగే తప్పులు కూడా చెబుతాను. స్పాటిఫైలో 30 సెకన్లు దాటితేనే ఒక ప్లే. వీపీఎన్ పెట్టి దేశం మార్చడం, బాట్లు వాడటం చేస్తే ఆ ప్లేలను తీసేయవచ్చు. యూట్యూబ్ కూడా మనిషి చూసినట్టు అనిపించని వీక్షణలను తరవాత కోసేస్తుంది, సంఖ్య తగ్గడం అందుకే. ఒకే వీడియోను లూప్‌లో వదిలేయకుండా మధ్యలో వేరే వీడియోలు చూసి మళ్లీ రండి. 2019 సెప్టెంబరు నుంచి 24 గంటల రికార్డులో డబ్బు పెట్టిన ప్రకటనల వీక్షణలను యూట్యూబ్ కలపడం లేదు. అంతకుముందు రికార్డులను ఇప్పటివాటితో పోల్చి రాయకండి.

చివరగా విడుదల వేళ. ఒకప్పుడు పాటలు అర్ధరాత్రి వచ్చేవి. 2017 ఫిబ్రవరి చివర్లో కొరియా చార్టులు పద్ధతి మార్చి, మధ్యాహ్నం 12 నుంచి సాయంత్రం 6 మధ్య వచ్చినవాటినే వెంటనే రియల్‌టైమ్ చార్టులోకి తీసుకున్నాయి. అప్పటినుంచి కొరియా సమయం సాయంత్రం 6 అలవాటైంది. మధ్యాహ్నం 1 గంటకు విడుదల చేస్తే దానర్థం అమెరికా చార్టు వైపు చూస్తున్నారని. అప్పుడు న్యూయార్క్‌లో వేసవి కాలమానం ప్రకారం సరిగ్గా అర్ధరాత్రి.

హంగుల్‌ఒత్తులు

రెండో ప్రశ్న. అర్థం తెలిస్తే చాలదు. ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్‌లో పోయే సగం సంగతులు తెలుగువాళ్లకు నిజానికి సులభంగా దొరుకుతాయి. మధ్యలో ఇంగ్లిష్ అడ్డుపడటం వల్లే దొరకడం లేదు.

వరసలు తీసుకోండి. మనకు పిలిచేవాళ్లు ఆడైనా మగైనా అన్న అన్నే, అక్క అక్కే. కొరియన్‌లో పిలిచే మనిషిని బట్టి మారుతుంది. అబ్బాయి అన్నను ‘హ్యంగ్’ అంటాడు, అక్కను ‘నూనా’ అంటాడు. అమ్మాయి అన్నను ‘ఒప్పా’ అంటుంది, అక్కను ‘ఒన్ని’ అంటుంది. ఇంగ్లిష్ సబ్‌టైటిల్‌లో వీటి బదులు పేరో, ‘బేబీ’ అనో పడుతుంది. లీ సుంగ్‌గి 2004లో పాడిన మొదటి పాటలో అసలు విషయమంతా ఇదే: తనకన్నా పెద్దదైన అమ్మాయిని నూనా అనను, ‘నొ’ అంటానంటాడు. ‘నొ’ అంటే నువ్వు. అక్కా అని పిలవాల్సిన మనిషిని నువ్వు అంటాననడంలో ఎంత తెగింపు, ఎంత చనువు ఉందో మనకు విడమర్చి చెప్పక్కర్లేదు. ఇంగ్లిష్‌లో చదివితే అక్కడ ఏం జరిగిందో కూడా తెలియదు.

మర్యాద కూడా అంతే. ‘సరంగ్‌హె’, ‘సరంగ్‌హెయొ’ రెండింటినీ ఇంగ్లిష్ ఒకేలా రాస్తుంది. ఆ చివరి ‘యొ’ను మన ‘అండి’లా వినండి. పాట సగంలో ‘యొ’ మాయమైతే దూరం తగ్గిందని, ఉన్నట్టుండి వచ్చి చేరితే దూరం పెరిగిందని గ్రహించవచ్చు. రాసేవాళ్లు దీన్ని కావాలనే వాడతారు.

‘నెగా’ అంటే నేను. ‘నువ్వు’ కూడా రాతలో దాదాపు అలాగే ఉంటుంది, పలుకులో రెండూ ఒకటైపోయాయి. గందరగోళం లేకుండా జనం రెండోదాన్ని ‘నిగా’ అనడం మొదలుపెట్టారు. ఇంగ్లిష్ చెవికి ఇది ఒక జాతి తిట్టులా వినిపించి ప్రతి కొత్త పాటకూ బయట వివాదం లేస్తుంది. నె అంటే నేను, ని అంటే నువ్వు అని గుర్తుపెట్టుకుంటే సరి. మన మాటలతో కలవడం యాదృచ్ఛికమే, కానీ పనికొస్తుంది.

సాహిత్యం నేర్చుకునేవాళ్లు చేసే పెద్ద తప్పు ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకోవడం. రోమన్ లిపిలో ‘ఈ, ఓ’ అక్షరాలు పక్కపక్కన కనిపిస్తే మనవాళ్లు ‘ఇయో’ అని చదువుతారు. అది ఒక్క అచ్చే: పెదవులు గుండ్రంగా చేయకుండా ‘ఒ’ అనండి, అ, ఒల నడుమ పడుతుంది. గాయకుడి పేరు సియో తైజీ కాదు, సొ తెజి. ‘ఈ, యూ’ జంట కూడా ఒక్క అచ్చే: పెదవులు పక్కలకు సాగదీసి ‘ఉ’ అనడం. హల్లుల్లో మనకు మేలు ఉంది. కొరియన్‌లో మామూలు, బిగువు, ఒత్తు అని మూడు రకాలు. బిగువుది మన ద్విత్వానికి దగ్గర, ‘ఒప్పా’లో ‘ప్ప’ లాగా. ఒత్తుది మన ఖ, థ, ఫ. ఈ ‘ఫ’ను ‘ఫ్యాన్’లోలా ఊదకండి, ‘ప’కు ఒత్తు ఇవ్వండి.

ఇంకొకటి చెవికి బాగా పనికొస్తుంది. మనం బస్ అన్నదాన్ని బస్సు చేసుకున్నట్టే వాళ్లూ ‘బొసు’ చేసుకున్నారు. అందువల్ల పాటలో ఇంగ్లిష్ మాట దొర్లితే దాని అక్షరాలు పెరుగుతాయి. క్రిస్మస్ అక్కడ ఖు-రి-సు-మ-సు, ఐదు దెబ్బలు. దీన్ని తప్పుడు ఉచ్చారణ అని బయట వెక్కిరించేవాళ్లున్నారు. మాట తాళంలో కూర్చోవాలంటే కొరియన్ గాయకుడికి ఆ ఐదూ ఒక్కోసారి కావాలి.

నాలుగు రోజులు కొరియా లిపి హంగుల్ నేర్చుకోండి. మూల అచ్చులు, హల్లులు కలిపి 24. ఆ తరవాత ఎవరి లిప్యంతరీకరణా అక్కర్లేదు.

కార్డులపెట్టె

మూడోదానికి లెక్కతోనే జవాబు చెప్పాలి.

ఏడుగురి బృందం, ఆల్బమ్‌కు ఒక ఫోటోకార్డు (ఒక సభ్యుడి బొమ్మ ఉన్న చిన్న కార్డు), ఎవరిదొస్తుందో తెలియదు, అన్నీ సమానంగా కలిశాయి అనుకోండి. మీకిష్టమైన ఒక్కరి కార్డు కోసం సగటున 7 ఆల్బమ్‌లు కొనాలి. ఏడు కొన్నాక కూడా రాకపోయే అవకాశం 34 శాతం. ఏడుగురివీ కావాలంటే సగటున 18. ఐదుగురైతే 11కు పైన. వెర్షన్లు మూడుంటే, ఒక్కోదానికి వేరే కార్డులుంటే, ఈ సంఖ్య మళ్లీ మూడింతలు. కొనేవాళ్ల మతి తప్పలేదు, అమ్మే పద్ధతినే అలా కట్టారు. నా మట్టుకు ఇది లాటరీ, చిన్నపిల్లలకు అమ్మే లాటరీ, దీన్ని అభిమానం కొలతగా చూపడం అన్యాయం.

దానిమీద ఫ్యాన్‌సైన్, అంటే గాయకులు ఎంపికైన అభిమానులను కలిసి సంతకం పెట్టే కార్యక్రమం. ఒక కాపీ ఒక చీటీ. ఫలానా దుకాణంలో, ఫలానా రోజుల్లో కొన్నవే చెల్లుతాయి. ఎన్ని కొంటే ఎంపికవుతారో ముందు చెప్పరు, అభిమానులు ఆ అంచనా సంఖ్యను ‘కట్’ అంటారు. 2020 నుంచి వీడియో కాల్ ఫ్యాన్‌సైన్లు పెరిగాక బయటి దేశాలవాళ్లూ ఇందులో దిగారు. దొరికేది ఒకటి రెండు నిమిషాలు.

అమ్మకాల వార్తలు చదివేటప్పుడు ఏ చార్టో చూడండి. హాంటియో చిల్లర దుకాణంలో కొనుగోలుదారు చేతికి అమ్మినదాన్ని లెక్కిస్తుంది. ‘ఛొదొంగ్’ అంటే అందులో మొదటి ఏడు రోజులు. సర్కిల్ చార్టు, 2022 దాకా గావన్, ఫ్యాక్టరీ నుంచి పంపినవాటిలోంచి తిరిగొచ్చినవి తీసేసి లెక్కిస్తుంది. గోదాములో ఉన్న పెట్టె సర్కిల్‌లో పడుతుంది, హాంటియోలో పడదు. సర్కిల్ లెక్కలో ఆల్బమ్‌లు 2023లో 10 కోట్లు దాటి, 2024లో తగ్గాయి. కొరియా జనాభా 5 కోట్ల పైచిలుకే.

ఒక్క కార్డే కావాలంటే ఒక కాపీ కొని మిగతాది మార్పిడిలో తెచ్చుకోండి. మార్చుకునే ముందు, చేత్తో తేదీ రాసిన కాగితం పక్కన కార్డును అటూ ఇటూ తిప్పి తీసిన వీడియో అడగండి. ఫొటో సరిపోదు, గీతలు వాలు వెలుగులోనే కనిపిస్తాయి.

వెన్నెలదారి

అందరికీ ధన్యవాదాలండీ. హంగుల్‌ఒత్తులు గారూ, ‘యొ’ను ‘అండి’తో పోల్చడంతో చాలా చిక్కు విడిపోయింది. ఒక చిన్న అనుబంధం: లైవ్ వీడియోల్లో జనం అరిచేవి ముందే రాసి ఉంటాయా? చాలామంది బయటి శ్రోతలు అవి పాటలో భాగమే అనుకుంటున్నారు.

మూడుబ్యాటరీలు

రాసే ఉంటాయి. ‘ఉంగ్‌వొన్‌బొప్’ అంటారు, ఉత్సాహపరిచే పద్ధతి అని. పాట వచ్చిన రోజుల్లోనే కంపెనీ ఎక్కడ ఏ మాట అరవాలో గుర్తుపెట్టిన సాహిత్యం విడుదల చేస్తుంది. మొదట్లో ఖాళీ సంగీతం ఉన్నచోట సభ్యుల అసలు పేర్లు వరసగా వస్తాయి. కొరియన్ పేర్లు చాలామటుకు మూడక్షరాలు: కిమ్-నమ్-జున్, పార్క్-జి-మిన్. మూడు దెబ్బలు, ఒక విరామం, నాలుగు లెక్కల తాళంలో సరిగ్గా సరిపోతుంది. ఆ విరామాన్ని మింగేసి తరవాతి పేరుకు పరిగెత్తితే హాలంతా ముందుకు జారిపోతుంది, కొత్తవాళ్లు తప్పేది అక్కడే. ఇంకో సంగతి, బల్లాడ్‌లో నిశ్శబ్దం కూడా ఆ పద్ధతిలో భాగమే. కాగితంలో ఏమీ రాయనిచోట అరవకూడదు.

వెలుగుల చరిత్ర కూడా ఇలాంటిదే. 1990లలో ఒక్కో బృందానికి ఒక్కో రంగు బెలూన్: హెచ్ఓటీకి తెలుపు, సెక్స్‌కీస్‌కు పసుపు. బృందాలు పెరిగి రంగులు చాలక, అభిమానులు చేతిలో ఊపే దీపపు కర్ర, అంటే లైట్‌స్టిక్, ఆకారమే గుర్తయింది. బిగ్‌బ్యాంగ్‌కు కిరీటం, బ్లాక్‌పింక్‌కు సుత్తి.

ఇప్పటి లైట్‌స్టిక్ వేదిక నుంచి వచ్చే వైర్‌లెస్ సంకేతాలతో నడుస్తుంది. ఇంట్లోనే యాప్ తెరిచి, ఫర్మ్‌వేర్ నవీకరించి, టికెట్ మీది సీటు నంబరు ఎక్కించుకోండి. హాలు దగ్గర నెట్‌వర్క్ మోయలేదు. సీటు మారితే నంబరు మళ్లీ ఎక్కించాలి, లేకపోతే నీలం వరసలో మీ ఒక్కరిదే ఎర్రగా వెలుగుతుంది. చాలావాటికి మూడు చిన్న ట్రిపుల్-ఏ బ్యాటరీలు. రీచార్జ్ చేసేవి 1.2 వోల్టులే ఇస్తాయి, మామూలువి 1.5. మూడు కలిసేసరికి దాదాపు ఒక వోల్టు తేడా వచ్చి వెలుగు తగ్గడం, మధ్యలో కనెక్షన్ తెగడం జరుగుతాయి. కొత్త ఆల్కలైన్ మూడు వేసి, ఇంకో మూడు జేబులో ఉంచుకోండి. నకిలీ స్టిక్కులు వెలుగుతాయి గానీ అధికారిక యాప్‌తో జతకావు.

చార్టులలెక్క

పైదానికి ఒక చేర్పు. మ్యూజిక్ షోల ముందస్తు రికార్డింగుల్లో అభిమానులను లోపలికి పిలిచి ఈ అరుపులు అక్కడికక్కడే పట్టుకుంటారు. యూట్యూబ్‌లో ఆ షో వీడియోతో మొదటిసారి పాట విన్నవాళ్లు స్టూడియో పాటలో పేర్లు లేవేమిటని అడగడం అందువల్లే. రెండు వెర్షన్లనూ పక్కపక్కన పెట్టి వినండి, ఎక్కడ ఖాళీలు వదిలారో తెలుస్తుంది.