2019 నాటి ఎడిటింగ్ సిస్టం: నోవా లేక్, జెన్ 6 ప్రాసెసర్లు వచ్చేదాకా ఆగాలా, ఇప్పుడే మార్చుకోవాలా?

పేట ఎడిటర్ (నరసరావుపేట), డిసెంబరు 2025

అందరికీ నమస్కారం. నరసరావుపేటలో మాది చిన్న స్టూడియో. నాన్న ఫొటోలు తీసేవారు, ఇప్పుడు నేను పెళ్ళి వీడియోలు చేస్తున్నాను. నవంబరు ఆఖర్లో మూఢం పట్టింది, ఫిబ్రవరి మధ్య దాకా ముహూర్తాల్లేవు. మాలాంటి వాళ్ళకి సిస్టం విప్పే ధైర్యం ఉండేది ఈ రోజుల్లోనే. సీజన్లో విప్పాక బోర్డు లేవకపోతే పార్టీకి ఏం చెప్పుకుంటాం? అందుకే ఇప్పుడు అడుగుతున్నాను.

నా సిస్టం 2019 శ్రావణానికి ముందు కట్టించింది. రైజెన్ 5 2600 ప్రాసెసర్, బీ450 మదర్‌బోర్డు, 8 జీబీ ర్యాములు రెండు (డీడీఆర్4), జీటీఎక్స్ 1660 గ్రాఫిక్స్ కార్డు, 450 వాట్ల ఎస్‌ఎంపీఎస్ (కరెంటు ఇచ్చే డబ్బా). ఆరేళ్ళలో ఒక్కసారి కూడా మొండికెయ్యలేదు. దాని మీద వచ్చిన డబ్బుతోనే చెల్లెలి చదువు అయింది. అందుకే దాన్ని పక్కన పెట్టాలంటే ఆలోచిస్తున్నాను.

ఇబ్బంది నిరుడు కెమెరా మార్చినప్పుడు మొదలైంది. ఇప్పుడు రెండు సోనీ ఏ7 ఫోర్‌లతో తీస్తున్నాం. 4కే, ఎక్స్‌ఏవీసీ హెచ్‌ఎస్ (సోనీ వాడే హెచ్.265 రకం), 10 బిట్ 4:2:2. ప్రీమియర్ ప్రోలో రెండు కెమెరాలూ మల్టీక్యామ్‌లో పెడితే టైమ్‌లైన్ కదలదు. స్పేస్ నొక్కాక రెండు సెకన్లకు గానీ బొమ్మ రాదు. జీలకర్ర బెల్లం పెట్టే క్షణం వేళ్ళ మీద ఉంటుంది, అక్కడ కట్ ఒక్క అర సెకను జరిగినా పెళ్ళివారు కనిపెట్టేస్తారు. ఆ అర సెకను కోసం నేను ఇరవై నిమిషాలు కూర్చుంటున్నాను. కార్తీకంలో వరసగా పదకొండు పెళ్ళిళ్ళు, రోజూ రాత్రి రెండింటికి ఇంటికి.

జనవరిలో చీటీ పాడుకుంటే చేతికి 60,000 వస్తుంది. గుంటూరు షాపులో కొత్త ఏఎం5 (ఏఎండీ కొత్తరకం బోర్డు) సిస్టంకి కోట్ అడిగాను. 32 జీబీ డీడీఆర్5 ర్యాము అక్టోబరు మొదట్లో 9,500 చెప్పినవాళ్ళే ఇప్పుడు 26,000 అంటున్నారు. ర్యాముకే ఇంత పోతే మిగతాది ఎక్కడ సరిపోతుంది?

బెంగళూరులో ఉన్న మా బావ "2026 చివర్లో ఇంటెల్ నోవా లేక్, ఏఎండీ జెన్ 6 రెండూ వస్తాయి, ఈలోపు ఒక్క రూపాయి పెట్టకు" అంటున్నాడు. నిజంగా ఆగాలా? ఆగితే వైశాఖం సీజన్ ఎలా గట్టెక్కాలి?

సీటీసీ పాతకాపు (సికింద్రాబాద్)

తమ్ముడూ, పార్క్ లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ కౌంటర్ దగ్గర 18 ఏళ్ళు నిలబడ్డాను. రాబోయే ప్రాసెసర్ గురించి అడగకుండా కొన్నవాళ్ళు తక్కువ. నేను మాత్రం ముందు ఒకటే చూస్తాను: చేతిలో ఉన్న సాకెట్‌లో (బోర్డు మీద ప్రాసెసర్ కూర్చునే చోటు) ఇంకా మెట్టు మిగిలిందా లేదా అని. నీకు మిగిలింది.

బీ450లో రైజెన్ 5000 సిరీస్ నడుస్తుంది. ఈ మాట వెనక ఒక కథ ఉంది. 2020 మేలో ఏఎండీ బీ450లాంటి 400 సిరీస్ బోర్డులకు జెన్ 3 (అంటే రైజెన్ 5000 తరం) సపోర్టు ఇవ్వబోమని చెప్పింది. కొన్నవాళ్ళంతా గట్టిగా అడిగేసరికి అదే నెలలో నిర్ణయం మార్చుకుంది. లాక్‌డౌన్‌లో ఇంట్లో కూర్చుని ఆ వార్త చదివినప్పుడు నా గుండె కుదుటపడింది. ఎందుకంటే "ముందు ముందు పనికొస్తుంది తీసుకోండి" అని నా నోటితో చెప్పి ఎన్ని బీ450లు అమ్మానో నాకే తెలుసు.

నీకు రైజెన్ 7 5700ఎక్స్ సరిపోతుంది. నీ 2600లో 6 కోర్లు, 3.9 గిగాహెర్ట్జ్ దాకా వెళ్తుంది. దీంట్లో 8 కోర్లు, 4.6 దాకా వెళ్తుంది. పైగా మధ్యలో రెండు తరాలు గడిచాయి కాబట్టి అదే గిగాహెర్ట్జ్‌లోనూ పని ఎక్కువ చేస్తుంది. రెండూ 65 వాట్లే, బోర్డు మీద బరువు పడదు. పేరు చివర ఎక్స్3డీ ఉన్నవాటి జోలికి పోకు. వాటిలోని అదనపు క్యాష్ (ప్రాసెసర్ లోపలి చిన్న మెమరీ) ఆటలకు పనికొచ్చినంతగా ఎడిటింగ్‌కు పనికిరాదు.

ఇక రాబోయేవాటి సంగతి. నోవా లేక్ 2026 చివర అని ఇంటెల్ స్వయంగా చెప్పింది. జెన్ 6 రెండు నానోమీటర్లలో చేస్తున్నామని ఏఎండీ చెప్పింది. ఏఎం5 సాకెట్‌ను 2027 దాకా, ఆపైన కూడా నడుపుతామని మాట ఇచ్చింది. మిగతా కోర్ల లెక్కలూ స్పీడ్లూ అన్నీ బయట తిరుగుతున్న పుకార్లు, వాటి మీద చీటీ డబ్బు పెట్టొద్దు. వచ్చిన రోజున ధర కూడా మనది కాదు. రైజెన్ 5 7600ఎక్స్ 2022 సెప్టెంబరులో 299 డాలర్లకు వచ్చి, రెండు నెలలు తిరక్కుండానే 249కి దిగింది. 2026 చివర అన్నది మన కౌంటర్ల మీద సరసమైన ధరకి కనపడేసరికి 2027 అవుతుంది. ఈలోపు నీకు ఎన్ని ముహూర్తాలున్నాయో లెక్కేసుకో.

గ్రేడింగ్ గది (మణికొండ)

తమ్ముడూ, నేను పన్నెండేళ్ళుగా ఎడిటింగ్, కలర్ చేస్తున్నాను. పాతకాపు గారు చెప్పిన ప్రాసెసర్ మంచిదే. కానీ నీ జబ్బు అది కాదనిపిస్తోంది. నువ్వు రాసినదాంట్లో అసలు మాట "10 బిట్ 4:2:2".

4:2:0లో రంగు సమాచారం అడ్డంగానూ సగమే, నిలువుగానూ సగమే. 4:2:2లో అడ్డంగా మాత్రమే సగం. పెళ్ళికూతురి ఎర్రచీర అంచు, పసుపు బట్టల మీద గ్రేడింగ్ (రంగులు దిద్దడం) చేస్తే ఆ తేడా తెలుస్తుంది, కాబట్టి నువ్వు దాన్ని ఎంచుకోవడం తప్పు కాదు. అయితే హెచ్.265 వీడియోను విప్పే పని మామూలుగా గ్రాఫిక్స్ కార్డులో ఉండే డీకోడర్ చేస్తుంది. నీ 1660లో ఉన్న డీకోడర్‌కు 4:2:0 వచ్చు, 4:2:2 రాదు. దాంతో ఆ మోత అంతా ప్రాసెసర్ మీద పడుతోంది. 5700ఎక్స్ వేస్తే ఆ మోత మోసేవాడు బలపడతాడు, మోత మాత్రం తగ్గదు.

కొనేముందు ఒక పరీక్ష చెయ్యి. ఒక్క పైసా ఖర్చు లేదు. టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్‌లో జీపీయూ చూడు. అక్కడ వీడియో డీకోడ్ అనే గ్రాఫ్ ఉంటుంది. నీ టైమ్‌లైన్ ప్లే చేస్తూ ఆ గ్రాఫ్ చూడు. అది సున్నా దగ్గర పడుకుని ప్రాసెసర్ నూరు కొడుతుంటే నేను చెప్పిందే. తర్వాత కెమెరాలో 4:2:0 పెట్టి ఒక నిమిషం తీసి అదీ ప్లే చెయ్యి.

4:2:2 హెచ్.265 విప్పగలిగేవాటిలో రెండు చెప్తాను. ఒకటి ఇంటెల్ ప్రాసెసర్లలోని క్విక్ సింక్, 11వ తరం డెస్క్‌టాప్ నుంచి ఉంది (పేరు చివర ఎఫ్ ఉన్నవాటిలో గ్రాఫిక్స్ భాగం పనిచేయదు, అవి తీసుకోకూడదు). రెండోది 2025లో వచ్చిన ఎన్విడియా 50 సిరీస్ కార్డులు. ప్రీమియర్ కూడా 2025 వెర్షన్లలోనే ఈ కార్డుల 4:2:2 డీకోడర్‌ని అందుకుంది, కాబట్టి నీ వెర్షన్ పాతదైతే ముందు అది మార్చు.

కార్డు వచ్చేదాకా ప్రాక్సీలు (అసలు ఫుటేజీకి తేలికపాటి నకళ్ళు) చేసుకో. రాత్రి పడుకునేముందు పెట్టేస్తే పొద్దునకి అయిపోతాయి. ప్రాక్సీ మీద కట్ చేసి, గ్రేడింగ్‌కు అసలు ఫుటేజీకి మారు. నా మొదటి మూడేళ్ళు అలాగే గడిచాయి, ఎడిటింగ్‌లో లయ నాకు అప్పుడే పట్టుబడింది.

కోరమంగళ తెలుగోడు

అలాగైతే నేరుగా ఇంటెల్‌కే మారితే? 14వ తరం ఐ5తో ఒక బీ760 బోర్డు, డీడీఆర్4 స్లాట్లు ఉన్న రకం. మీ పాత ర్యాములే అందులో పెట్టుకోవచ్చు, ర్యాము మంట తగలదు. క్విక్ సింక్ వస్తుంది, కొత్త కార్డు అక్కర్లేదు.

లోటు ఒకటే, ఆ సాకెట్ కథ అయిపోయింది. 2024 అక్టోబరులో కోర్ అల్ట్రా 200తో ఇంటెల్ ఎల్‌జీఏ1851 అనే కొత్త సాకెట్‌కి మారింది, నోవా లేక్‌కి మళ్ళీ మారుతుందనే అంటున్నారు. కాబట్టి ఈ బోర్డు మీద తర్వాత వేసుకోవడానికి ఏమీ ఉండదు.

విండోస్ 10కి అక్టోబరు 14న సపోర్టు ఆగిపోయిందని కొందరు సిస్టంలే మార్చేస్తున్నారు. మీ 2600 విండోస్ 11 జాబితాలో ఉంది. ఆ భయంతో మాత్రం ఏదీ కొనొద్దు.

పేట ఎడిటర్

అక్కా, పరీక్ష చేశాను. మొన్న బృందావన్ గార్డెన్స్ పెళ్ళి ఫుటేజీ పెట్టాను. ప్రాసెసర్ 100, వీడియో డీకోడ్ 0. గ్రాఫ్ గీత నేలకి అంటుకుపోయి ఉంది. తర్వాత మా పాపని మేడ మీద 4:2:0లో నిమిషం తీసి ప్లే చేశాను. ప్రాసెసర్ 20 చిల్లర, డీకోడ్ 40 దాకా లేచింది. బొమ్మ నీళ్ళలా కదిలింది. ఏడాదిన్నరగా ప్రాసెసర్‌ని తిడుతున్నాను, దాని తప్పేం లేదు పాపం.

నిన్న రాత్రి ప్రాక్సీలు పెట్టి పడుకున్నాను. పొద్దున్న అదే పెళ్ళి మల్టీక్యామ్‌లో మూడు గంటల్లో కట్ అయింది. అంతకుముందు అలాంటిదానికి రోజున్నర పట్టేది.

ఇప్పుడు అనుకుంటున్నది: ముందు 50 సిరీస్‌లోని ఆర్‌టీఎక్స్ 5060 కార్డు, తర్వాత 5700ఎక్స్. ఈ బోర్డు, ఈ ఎస్‌ఎంపీఎస్ దానికి ఆగుతాయా?

సీటీసీ పాతకాపు

గ్రేడింగ్ గది అమ్మ చెప్పింది సరైన మాట. ఏ ఫుటేజీ అన్నది పట్టించుకోకుండా నేను ప్రాసెసర్ చెప్పేశాను. కౌంటర్ మీద ఉన్నప్పుడైతే ముందు పని ఏంటో అడిగేవాణ్ణి.

5060 ఎనిమిది లేన్ల (డేటా దారుల) కార్డు, నీ బోర్డులో కార్డు పెట్టే పీసీఐఈ స్లాట్ మూడో తరం. ఆటల్లో కొంచెం తగ్గుతుంది గానీ వీడియో విప్పడానికి ఆ దారి చాలు. కార్డు 145 వాట్లు తీసుకుంటుంది, ఎన్విడియా 550 వాట్ల ఎస్‌ఎంపీఎస్ అడుగుతోంది. ఆరేళ్ళ 450ని నమ్మొద్దు, మార్చెయ్. ర్యాము కొత్తది కొనకు. డీడీఆర్5కి మారేవాళ్ళు పాత డీడీఆర్4 జతలు తీసి అమ్ముతున్నారు, 8 జీబీవి రెండు దొరికితే చూసి, టెస్ట్ చేయించి తెచ్చుకో.

ప్రాసెసర్ మార్చే రోజు వరస తప్పొద్దు. పాత 2600 ఉండగానే బయోస్ (బోర్డును లేపే ప్రోగ్రాం) అప్‌డేట్ చెయ్యి, తర్వాతే కొత్తది పెట్టు. తిరగేస్తే బోర్డు కొత్తదాన్ని గుర్తుపట్టదు. బయోస్ ఎక్కుతున్నప్పుడు కరెంటు పోతే బోర్డు పోయినట్టే, యూపీఎస్ మీద చెయ్యి. కూలర్ తీసేముందు పది నిమిషాలు ఏదైనా రెండర్ నడిపి వేడెక్కించి, ఆపి, ప్లగ్ తీసి, కూలర్‌ని అటూ ఇటూ మెల్లగా తిప్పుతూ లాగు. నీ బోర్డు సాకెట్ ఏఎం4, అందులో పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి. ఎండిన పేస్ట్ పట్టుకుంటే లాక్ వేసి ఉన్నా ప్రాసెసర్ కూలర్‌తో పాటు ఊడొస్తుంది, పిన్నులు వంగుతాయి. ఎన్నిటి పిన్నులు బ్లేడుతో సరిచేశానో. ఇంకొకటి, 5700ఎక్స్ డబ్బాలో కూలర్ రాదు. పల్నాడు మే నెలకి నీ పాత చిన్న కూలర్ చాలదు, రెండు వేల టవర్ కూలర్ తీసుకో.

కొత్తది బూట్ అయ్యాక ఎఫ్‌టీపీఎం (ప్రాసెసర్‌లోని సెక్యూరిటీ భాగం) గురించి వై నొక్కాలా ఎన్ నొక్కాలా అని అడుగుతుంది. బిట్‌లాకర్ (విండోస్‌లో డ్రైవ్‌కి వేసే తాళం) వాడుతుంటే ఆ రికవరీ కీ ముందే కాగితం మీద రాసి పెట్టుకో.

పేట ఎడిటర్

రాసుకున్నాను అన్నా, అన్నీ. యూపీఎస్ బ్యాటరీ నాలుగేళ్ళది, రేపు కొత్తది వేయిస్తున్నాను, ఆదివారం బయోస్. కార్డు, ఎస్‌ఎంపీఎస్ చీటీ వచ్చిన రోజే. ప్రాసెసర్, ర్యాములు మిగిలిన డబ్బుతో ఫిబ్రవరిలోపు. బావకి కూడా చెప్పాను, జెన్ 6 ఎలా ఉంటుందో 2027లో చూసుకుందాం అని.

అక్కా, ఒక్క సందేహం. చిన్న ఫంక్షన్లకి, ఓణీల ఫంక్షన్, అన్నప్రాసనలాంటివాటికి, కార్డు వచ్చేదాకా 4:2:0లోనే తీసేయనా? వాటికి గ్రేడింగ్ పెద్దగా చెయ్యం.

గ్రేడింగ్ గది

తీసెయ్. 10 బిట్ మాత్రం వదలకు, 8 బిట్‌కి దిగితే సాయంత్రం ఆకాశంలో చారలు కనిపిస్తాయి.