అప్‌డేట్: బాపు మడమకు సీటీ స్కాన్ తీయించినం

తాటిచెట్టు మీదినుంచి జారిపడి మా బాపుకు మడమ ఎముక విరిగింది, ఎక్స్‌రే ఉండంగ మళ్లీ సీటీ స్కాన్ ఎందుకని ఇంతకుముందు ఇక్కడ మిమ్మల్ని అడిగిన. హన్మకొండల తీయించినం.

ఎక్స్‌రేల బోహ్లర్ కోణం, అంటే మడమ ఎముక ఎంత కుంగిందో చూసే కొలత, తగ్గిందని తెలిసింది. మామూలుగా అది 20 నుంచి 40 డిగ్రీలు ఉంటది. తగ్గిందంటే ఎముక కుంగినట్టు. కానీ పైనున్న తాలస్ ఎముకతో కలిసేకాడ కీలు ఎన్ని ముక్కలైందో ఎక్స్‌రేల సరిగ్గ కనబడదు. సీటీల డాక్టర్ సాబ్ పొరలు పొరలుగా చూపించిండు. సీటీల ఆ కీలు ఎన్ని ముక్కలైందో చూసి రకం చెప్పే సాండర్స్ పద్ధతి అని ఒకటుంది. పగుళ్లున్నా ముక్కలు జరగకపోతే ఒకటో రకం, ఆపరేషన్ అక్కర్లేదు. జరిగి రెండు ముక్కలైతే రెండో రకం, మూడైతే మూడో రకం. నాలుగు, ఆపైన అయితే నాలుగో రకం. అది అతికించుడు కష్టం, ఒక్కోసారి ఆ కీలు ఇగ కదలకుండ రెండు ఎముకలను ఒక్కటిగ కలిపేస్తరట. బాపుది రెండో రకం. ముక్క బాగనే పక్కకు జరిగింది కాబట్టి ఆపరేషన్ చేసి ప్లేటు వేస్తమన్నడు డాక్టర్.

"అయితే రేపే చెయ్యిరి" అన్నడు బాపు. వాపు దిగి చర్మం మీద ముడతలు కనబడేదాక కత్తి పెట్టరట, లేకుంటే కోసిన కాడ మానదు. బీడీ కూడా బంద్. కాలు విరిగినదానికంటే బీడీకే ఎక్కువ బాధపడుతున్నడు.

ఎత్తునుంచి మడమల మీద పడ్డోళ్లకు నడుము పూసలు కూడా చూపియ్యాలని మీలో ఒకరు అన్నరు, మంచిగ చెప్పిన్రు. చూపించినం, పూసలు బాగున్నయ్. వచ్చేవారం వాపు చూసి ఆపరేషన్ తారీఖు చెప్తరు.